సంధి వచ్చిందా

పొద్దున లేవగానే గడప ఊడ్చడం నాకు పెళ్ళయిన నాటి నుంచీ అలవాటు. ఊడ్చేది ఇంట్లో చెత్త కాదు, మా ఆయన ఒంటి మీది దూది. దాజీ పేట్ కార్ఖానాలో రాత్రి పాళీ పని ముగించుకుని ఇంటికి వచ్చేసరికి ఆయన తల మీద, కనుబొమల మీద, చెవుల మడతల్లో కూడా దూది దుమ్ము పేరుకుని ఉండేది. గడప అవతలే నిలబడి రుమాలుతో దులుపుకునేవాడు. ఆయన లోపలికి వచ్చాక నేను చీపురు పట్టుకుని బయటికి వెళ్ళేదాన్ని. ఇప్పుడు కూడా అదే వేళకు మెలకువ వస్తుంది, చెయ్యి చీపురు మీదికి పోతుంది. గడప శుభ్రంగా ఉంటుంది. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చి, ఇంకేం చేయాలో తెలియక కాసేపు అక్కడే నిలబడతాను.

ఆయన పేరు సిద్ధరాములు. చద్దర్లు నేసేవాడు, చివరి కొన్నేళ్ళు తువ్వాళ్ళు. షోలాపూర్‌లో ఆ పేరున్న వాళ్ళు, ఆ పని చేసిన వాళ్ళు ఎందరో ఉన్నారు. ఆయన గురించి రాయడానికి ప్రత్యేకంగా ఏముందని మా వదిన అడిగింది. ఏముందో నాకూ తెలియదు. రాస్తే తెలుస్తుందేమోనని మొదలుపెట్టాను. నేను చదివింది దుబ్బాక దగ్గర మా ఊళ్ళో ఐదో తరగతి వరకే. తప్పులుంటే దిద్దుతానని మా అమ్మాయి అంది కానీ, తెలుగు చదవడం ఆమెకు నాకంటే తక్కువ వచ్చు.

ఆయన జోడ్‌భావి పేట్‌లో ఒక్క గది ఇంట్లో పుట్టాడు. తండ్రి పనిచేసే మిల్లు మూతపడ్డాక తెలుగు బడి మానేసి పవర్‌లూమ్ పట్టాడు. నన్ను చేసుకున్నాక నీలం నగర్‌లో రెండు గదులకు మారాం. గల్లీలో మరాఠీ, కార్ఖానాలో హిందీ, ఇంట్లో తెలుగు, మూడూ వచ్చునని చెప్పుకునేవాడు. మూడూ ఒక్క మాటలోనే కలిపేస్తాడు కాబట్టి ఏదీ రాదని మా వదిన అనేది. వదిన అంటే ఆయన అక్క చంద్రభాగ. మా గల్లీ చివరింట్లో ఉంటుంది, బీడీలు చుడుతుంది. ఆమె వేళ్ళు ఎంత వేగమో నోరూ అంత వేగం.

మా అమ్మాయి తృప్తిని వకీలు చదివించాలన్న ఆలోచన ఆయనకు కోర్టులో వచ్చింది. పక్క మగ్గం మీద పనిచేసే పెంటప్పన్న చెయ్యి బెల్టులో పడి నలిగిపోతే నష్టపరిహారానికి కేసు వేశారు. పెంటప్పన్నకు మరాఠీ రాదు. నేను చెప్తానని ఈయన లేచాడు. ఏమైందని జడ్జి అడిగారు. "నా చెయ్యి పోయింది సారూ" అన్నాడు పెంటప్పన్న. ఈయన దాన్ని ఉన్నదున్నట్టు మరాఠీలోకి తిప్పి "హాత్ గేలా" అన్నాడు. చెయ్యి తెగి ఊడిపోయిందని అనుకున్నారట అందరూ. పెంటప్పన్నేమో రెండు చేతులూ జోడించి దండం పెడుతూ నిలబడి ఉన్నాడు. కోర్టు హాలంతా నవ్వింది.

కేసు తర్వాత ఎలాగో తేలింది, పెంటప్పన్నకు కొంత ముట్టింది. ఆ నవ్వు మాత్రం ఈయన చెవుల్లోనే ఉండిపోయింది.

"మనోళ్ళు చెయ్యి పోయిందంటే పనికి రాకుంట పోయిందని గదనే," అన్నాడు ఆ రోజు కంచం ముందు కూర్చుని. "అంత చిన్న మాట చెప్పేటోళ్ళు లేరా కోర్టుల? నా బిడ్డను వకీల్‌ను జేస్త."

"ముందుగాల నీ మరాఠీని సాఫ్ జెయ్యిరా," అంది వదిన.

తృప్తి అప్పుడు బడిలో ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు. అయినా పన్నెండో తరగతి అయ్యాక తనంతట తానే పరీక్ష రాసి లా కాలేజీలో చేరింది. మంచి మార్కులే వచ్చేవి. కానీ తలొంచుకుని వెళ్ళి తలొంచుకుని వచ్చే పిల్ల. కాలేజీ నోటీసు బోర్డు మీద ఏముందో చూసేది కాదు. ఒకసారి ఏదో వ్యాసాల పోటీ కాగితాన్ని గడువు దాటాక చూసి ఇంటికొచ్చి ఏడ్చింది. మర్నాటి నుంచి ఆయన రాత్రి పాళీ అయ్యాక సైకిల్‌ను నేరుగా ఇంటికి తిప్పకుండా కాలేజీ మీదుగా తిప్పాడు. తల మీద దూదితోనే బోర్డు ముందు నిలబడి, కాగితాలన్నిటికీ ఫోన్‌లో ఫోటోలు తీసుకుని వచ్చేవాడు. సగం ఫోటోల్లో ఆయన వేలే కనిపించేది.

మొదటి రోజు నాకు బాగా గుర్తు. గడప దగ్గరే రుమాలు విదిలిస్తూ, "ఉషా, ఇయ్యాల ఒక సంధి దొరికింది!" అన్నాడు.

నేను గాబరాగా ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టాను. మా ఊళ్ళో సంధి అంటే జ్వరం తలకెక్కి వాగడం. ఎవరైనా అడ్డదిడ్డంగా మాట్లాడితే సంధి కొట్టిందా అంటాం.

"జరమా? ఎప్పుడొచ్చింది?"

"జరం గాదే పిచ్చిదానా! మరాఠీల సంధి అంటే మోకా. ఛాన్స్. బోర్డు మీద పెద్దగ రాసిండ్రు, లా పిల్లలకు సంధి అని."

ఆ రోజు నుంచి అది మా ఇంట్లో ఆట అయింది. ఆయన సైకిల్ ఆగిన చప్పుడు వినగానే నేను గొళ్ళెం తీస్తూ "సంధి వచ్చిందా?" అని అడిగేదాన్ని. ఉంటే "వచ్చింది" అనేవాడు. లేకపోతే "ఇయ్యాల జరం దిగింది" అనేవాడు.

ఎన్ని రకాల సంధులు తెచ్చేవాడో. పెద్ద కోర్టు వకీళ్ళు వచ్చి ఉచితంగా చెప్పే పాఠాలు, పుణెలో వకీలు ఆఫీసులో నెల రోజులు ఉండి నేర్చుకునే పని, స్కాలర్‌షిప్‌లు, ఊళ్ళకు వెళ్ళి జనానికి చట్టం గురించి చెప్పే శిబిరాలు. చదివి అర్థం చేసుకున్నంత చేసుకుని, మిగతాది తనే కల్పించుకునేవాడు. ఒకసారి మూట్ కోర్టు పోటీ అని ఒకటి తెచ్చాడు.

"మూట కోర్టు అంట బిడ్డా. వకీళ్ళు కాయితాలన్ని మూట గట్టుకోని పోతరు గద, గది ఎట్ల గట్టాలెనో నేర్పిస్తరు."

తృప్తికి నవ్వు ఆగలేదు, తాగుతున్న చాయ్ ముక్కులోంచి వచ్చింది. "మూట గాదు బాపూ! మూట్. అది ఉత్తుత్త కోర్టు. మేమే వకీళ్ళం, మేమే వాదించుకుంటం."

"ఉత్తుత్త కోర్టుకు గంత దూరం పోవుడెందుకు? మీ అత్త ఇంట్ల రోజూ నడుస్తనే ఉంటది."

ఇంకోసారి వాలంటీర్లు కావాలన్న కాగితం వచ్చింది. వాలంటీర్ అంటే ఏందని నేను అడిగాను.

"జీతం లేకుంట పనిజేసుడు."

"అంటే నా తీర్గనా?"

ఆయన చాయ్ గ్లాసు పట్టుకుని కాసేపు ఆలోచించాడు. "నీ తీర్గనే. గని వాళ్ళకు సర్టిఫికేట్ ఇస్తరు," అన్నాడు.

ఆయన తెచ్చిన చివరి సంధి కూడా వాలంటీర్ పనే. కోర్టు ఆవరణలో పేదవాళ్ళకు డబ్బు తీసుకోకుండా న్యాయ సలహా ఇచ్చే ఆఫీసు ఒకటి ఉంది. లా చదివే పిల్లల్ని కొందరిని తీసుకుని, శిక్షణ ఇచ్చి, బస్తీల్లోకి పంపుతారు. అక్కడ పనిచేసినట్టు సర్టిఫికేట్ ఉంటే మన నేతపని వాళ్ళ సంఘం ట్రస్టు ఇచ్చే స్కాలర్‌షిప్‌కు ముందు వరుసలో చూస్తారట. ఆ స్కాలర్‌షిప్ దొరికితే తృప్తి మిగతా చదువుకు ఢోకా ఉండదు. అప్పుడు తృప్తి ఫోన్ చెడిపోయి ఉంది. అర్జీ ఇచ్చేటప్పుడు ఆయన తన నంబరే రాయించాడు.

"ఫోన్ వస్తే ముందు నేనే వినాలె," అన్నాడు మురిపెంగా.

ఫోన్ రాలేదు. ఆయనకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. రెండు పాళీలు జ్వరంతోనే పనికి వెళ్ళాడు కూడా. తర్వాత దవాఖానాలో చేర్చాం. అక్కడ మంచం మీద కళ్ళు మూసుకునే, వచ్చిన వాళ్ళందరినీ ఒకటే మాట అడిగేవాడు. "సంధి వచ్చిందా?"

వదిన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నా తమ్మునికి సంధి కొట్టింది. పాపం, వానికే తెలుస్తున్నది," అంది.

తృప్తి మాత్రం, "బాపు ఆ ఫోన్ గురించి అడుగుతుండు," అంది.

ఆయన ఏ సంధి గురించి అడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగినప్పుడల్లా నేను "వస్తది, వస్తది" అన్నాను. ఏది వస్తుందని అన్నానో అదీ తెలియదు.

మాకు ఒక్కతే బిడ్డ కాబట్టి తృప్తే కొరివి పెట్టింది. పదో రోజు, పన్నెండో రోజు అన్నీ ఆమె చేతి మీదుగానే అయ్యాయి. ఆ తర్వాత ఆమె కాలేజీకి వెళ్ళడం మానేసింది. తువ్వాళ్ళ ఫ్యాక్టరీ ఆఫీసులో బిల్లులు రాసే పని దొరికిందని, వచ్చే నెల చేరతానని చెప్పింది. వద్దని అనాలో, సరేననాలో నాకు తోచలేదు. ఇంట్లో ఇలాంటివి నేనెప్పుడూ తేల్చలేదు. ఆయన తేల్చేవాడు, లేదా వదిన తేల్చేది.

ఆయన ఫోన్‌ను మాత్రం రోజూ ఛార్జింగ్ పెడుతూ వచ్చాను. సంగతి తెలియని వాళ్ళు ఎవరో ఒకరు చేసేవారు. పదో రోజు పూజ సామాను ఇచ్చిన దుకాణం వాళ్ళు కూడా ఒకసారి చేశారు. మాసికం విధి ఉంది కదా, సామాను పంపాలా అని అడిగారు. వదిన ఫోన్ లాక్కుని, మనిషి పోయిన ఇంటి మీద బేరాలేందని వాళ్ళను కడిగిపారేసింది.

రెండో మాసికం సోమవారం పడింది. దానికి ముందు గురువారం మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే ఇంట్లో ఉండగా ఆ ఫోన్ మోగింది. ఎవరో ఆడమనిషి మరాఠీలో గబగబా మాట్లాడింది. "నమస్కార్, విధి సేవేతూన్ బోల్తేయ్..." తర్వాత అన్న వాటిలో నాకు దొరికినవి నాలుగే మాటలు. విధి, సోమవారం, తృప్తి, సంధి.

నాకు మరాఠీ అంతంతమాత్రం. కానీ విధి తెలుసు. చావు తర్వాత జరిపే కార్యాలను ఇక్కడ విధి అంటారు. పదో దినం విధి, పన్నెండో దినం విధి, మాసికం విధి. ఆ రెండు నెలల్లో నా చెవిన ఎక్కువగా పడిన మరాఠీ మాట అదే. మా ఊళ్ళో విధి అంటే నుదుట రాసింది. ఎలా చూసినా ఆ మాట మా ఇంటిదే అనిపించింది. సామాను దుకాణం వాళ్ళే మళ్ళీ చేశారనుకున్నాను. సంధి అని ఎందుకన్నారో అర్థం కాలేదు. కానీ వదిన లాగా గట్టిగా మాట్లాడాలని గొంతు సవరించుకున్నాను.

"విధి ఆమ్హీ ఘరీచ్ కరతో," అన్నాను. విధి మేము ఇంట్లోనే చేసుకుంటాం అని. "సోమవారం మా పిల్ల ఎక్కడికీ రాదు" అని కూడా వచ్చిన మరాఠీలో చెప్పాను.

ఆమె "నక్కీ?" అని అడిగింది. ఖాయమేనా అని.

"నక్కీ," అన్నాను. ఫోన్ పెట్టేశాక, నా అంతట నేను ఒకరికి జవాబు చెప్పానని కొంచెం గర్వంగా కూడా ఉంది.

సాయంత్రం వదిన వచ్చి కూర్చుంది. తృప్తి మూలకు కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తోంది.

"సామాను దుకాణపోళ్ళు మళ్ళ ఫోన్ జేసిండ్రు వదినా. అక్కెర లేదని నేనే చెప్పిన."

"మంచిగ జేసినవ్. ఏమన్నరు?"

"సోమవారం విధి ఉన్నదట, తృప్తిని తోలిస్తరా అన్నట్టు అడిగింది ఒకామె."

"పూజ సామానుకు ఆడపిల్లను తోలుడేంది? వాళ్ళ మొకం మండ!"

"ఏమో మరి. సంధి అని గూడ అన్నది."

తృప్తి చేతిలోని వెల్లుల్లి కింద పడింది. లేచి ఫోన్ తీసి నంబరు చూసింది. "అమ్మా, ఏమన్నరో సరిగ్గ చెప్పు. విధి ఒక్కటేనా, విధి సేవనా?"

"సేవ అని గూడ అన్నది."

ఆమె ఫోన్ పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయింది. "విధి అంటే కానూన్ గూడ అమ్మా. మరాఠీల చట్టాన్ని గూడ విధి అంటరు. అది బాపు అర్జీ ఇచ్చిన ఆఫీసు."

వదిన అంది. "చావుకు, చట్టానికి ఒక్కటే మాట పెట్టినోన్ని పట్టుకోని తన్నాలె."

తృప్తి ఆ నంబరుకు చేస్తే ఎవరూ ఎత్తలేదు, ఆఫీసు మూసే వేళ అయిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. "పోనీ తియ్యమ్మా. ఎట్లైన నేను ఫ్యాక్టరీల చేరుతున్న గద," అని మళ్ళీ వెల్లుల్లి ముందేసుకుంది. ఆయన అన్ని పొద్దులు సైకిల్ తిప్పి తిప్పి తెచ్చినదాన్ని నేను "నక్కీ" అన్న ఒక్క మాటతో అవతల పారేశానా, లేక అది పోవడమే తృప్తికి మంచిదయిందా, ఎంత ఆలోచించినా ఒక దారికి రాలేదు.

మర్నాడు శుక్రవారం పొద్దున గడప ఊడ్చాక నేను చీర మార్చుకున్నాను.

"ఎక్కడికి?" అంది తృప్తి.

"ఆ ఆఫీసుకు. మీ బాపు అడిగిండు గద సంధి వచ్చిందా అని. వచ్చిందో పోయిందో చూసొద్దాం నడువు."

కోర్టు ఆవరణ నేను లోపల చూడటం అదే మొదలు. నల్ల కోట్లు, చెట్ల కింద టైపు మిషన్లు, బెంచీల మీద నాలాంటి ఆడవాళ్ళు. ఆ ఆఫీసులో కళ్ళద్దాల మేడం ఒకామె ఉంది. తృప్తి పేరు చెప్పగానే ఆమె కాగితం చూసి, ఇంట్లోవాళ్ళు వద్దన్నారు కాబట్టి ఆ చోటు సాక్షికి ఇచ్చామంది. కోర్టు కదా, ఏ సాక్షికో, ఎవరి కేసులో సాక్షికో అనుకుని నేను చుట్టూ చూశాను. తృప్తి నా చెవిలో, "సాక్షి అంటే పిల్ల పేరమ్మా, నా కింది క్లాసు," అంది.

ఫోన్‌లో వద్దన్నది ఎవరని మేడం అడిగింది. నేనే అన్నాను. ఎందుకన్నారని అడిగింది. విధి అన్నారు, పోయినవాళ్ళ విధి అనుకున్నాను అని నాకొచ్చిన మరాఠీలో చెప్పబోయాను. సగంలో మాటలు అయిపోయాయి. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. తృప్తి ఎప్పటిలాగే నేల చూస్తూ నిలబడింది. నేను మోచేత్తో పొడిచాను.

"నువ్వు చెప్పరాదు బిడ్డా! నీ వకీలు చదువు దేనికి?"

అప్పుడు తృప్తి తలెత్తింది. ఏం చెప్పిందో నాకు పూర్తిగా తెలియదు కానీ, నేను అన్న మాటలకు మాటలు పెట్టి చెప్పలేదు. ముందు వాళ్ళ బాపు పోయాడని చెప్పింది. ఈ రెండు నెలలు మా ఇంట్లో విధి అంటే ఏమిటో చెప్పింది. సోమవారం మాసికమని చెప్పింది. చెబుతుండగా ఒకచోట మేడం నవ్వబోయి ఆగింది. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మీ అమ్మ నిన్ను పొడిచి మాట్లాడిందే, అది ఏ భాష అని అడిగింది. తెలుగు అంది తృప్తి.

మేడం పక్క గదిలోకి వెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చింది. శిక్షణ అయ్యాక వారం వారం నీలం నగర్‌లోనే కూర్చుని నేతపని వాళ్ళ కష్టాలు వినాలట. తీసుకున్న పిల్లల్లో ఒక్కరికీ తెలుగు రాదట. సాక్షి ఉంటుంది, నువ్వు కూడా రా అంది. కానీ సోమవారం పది గంటలకు మొదటి రోజు శిక్షణ, సాయంత్రం దాకా కదలకూడదు. ఆ రోజు రాకపోతే మళ్ళీ తీసుకోవడం తన చేతిలో లేదు అంది.

బయటికి వచ్చి మెట్ల మీద ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. సోమవారం.

వదిన వినగానే చేతిలో బీడీ ఆకుల చాట పక్కన పెట్టింది. అది ఆమె ఎప్పుడో గాని చెయ్యదు.

"కొరివి పెట్టిన బిడ్డ లేకుంట పిట్టకు పెడ్తరా? ముడుతదా అది?" పోయినవాళ్ళకని వండినవి ఆకులో వేసి కాకికి పెట్టడాన్నే మేం పిట్టకు పెట్టడం అంటాం.

"సాయంత్రం వచ్చినంక పెడుదం వదినా."

"సాయంత్రం దాక కాకులు కచేరీల కూసుంటయా నీ కోసం? గూళ్ళకు పోతయ్. నా తమ్ముడు ఉపాసమే పోతడు."

"పంతులును అడిగిన. పొద్దు ఉండంగ ఎప్పుడైన సరే అన్నడు."

"ఆయనకు నాలుగిండ్లు తిరిగేది ఉంటది, గట్లనే అంటడు."

"నేను పోను అత్తా," అంది తృప్తి. "బాపు దగ్గరనే ఉంట. లొల్లి వద్దు."

వదిన గెలిచినట్టు చూడలేదు. ఆమెకు కూడా ఏడుపు వచ్చింది. తమ్ముడు ఆకలితో ఉంటాడన్నది ఆమె దుఃఖం, అది అబద్ధం అనలేను. బిడ్డ చదువు కోసం ఆయన చేసిన తిరుగుడు నా కళ్ళ ముందుంది, అదీ అబద్ధం కాదు. ఒక విధికి వెళితే ఇంకో విధి తప్పుతుంది. శనివారం ఒకటి అనుకున్నాను, ఆదివారం ఇంకొకటి అనుకున్నాను. ఆయన ఉంటే అడిగేదాన్ని. ఆయన కోసమే కదా ఈ చిక్కు, ఆయన్నే ఎలా అడగను.

సోమవారం చీకటితోనే లేచాను. గడప ఊడ్చాను. ఆయనకు ఇష్టమైనవన్నీ చేశాను. జొన్నరొట్టె, పల్లీల చట్నీ, గుత్తి వంకాయ, సేమియా పాయసం. తృప్తి తలస్నానం చేసి, పాత డ్రెస్సు వేసుకుని, డాబా మీద నీళ్ళు చల్లి వచ్చింది. ఎక్కడికీ వెళ్ళే వాలకం లేదు. ఆమె కాలేజీ సంచీ రెండు నెలలుగా మేకుకే ఉంది. దాన్ని తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, ఆమె చేతిలో పెట్టాను.

"పో."

"పిట్టకు?"

"ఆగుతది."

"ఆగకపోతే?"

"నాకు తెల్వదు బిడ్డా. నువ్వైతే పో."

ఆమె డ్రెస్సు మార్చుకుని, ఆయన ఫోటో ముందు ఒక్క నిమిషం నిలబడి, గడప దాటింది. తలెత్తుకుని వెళ్ళిందో, వంచుకుని వెళ్ళిందో చూడటానికి నేను బయటికి వెళ్ళలేదు.

ఎండ ఎక్కాక వదిన వచ్చింది. వంటల మీద మూతలు తీసి చూసింది, ఇల్లంతా చూసింది.

"పిల్లేది?"

"పోయింది."

"పోయిందా!" ఆమె మూతలన్నీ మళ్ళీ పెట్టేసింది. "సరే. అయ్యిందేదో అయ్యింది. ఆకు ఎయ్యి. మనమే పెడుదం, పొద్దెక్కుతున్నది."

అరిటాకు కడిగి గోడకు ఆనించి పెట్టాను, అక్కడే ఉంది. "తృప్తి వచ్చినంకనే వదినా. ఇప్పుడు వెయ్య."

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక నేను ఆమెకు "వెయ్య", "చెయ్య" అని చెప్పడం అదే మొదలు. వదిన నన్ను కిందికీ మీదికీ చూసింది.

"నీకేమన్న సంధి కొట్టిందానే ఉషా?"

నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందు వచ్చిందో చెప్పలేను. "వచ్చింది వదినా. మొన్ననే వచ్చింది," అన్నాను.

ఆమెకు అర్థమైందో లేదో. పిట్ట ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినకూడదు. మొదటి మాసికం నాడు కూడా ఆమె పొద్దున్నుంచీ పచ్చి నీళ్ళతోనే ఉంది. "నన్ను గూడ ఎండబెట్టి సంపుతరు తల్లీబిడ్డలు," అంటూ బయటికి నడిచింది. ఇక రాదనుకున్నాను. పోయి, బీడీల చాట పట్టుకుని తిరిగి వచ్చింది. డాబా మెట్ల మీద నీడలో కూర్చుని చుట్టడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం తృప్తి, ఈమధ్యే బాగుచేయించుకున్న తన ఫోన్ నుంచి ఆయన ఫోన్‌కు చేసింది. అన్నం సెలవు ఇచ్చారట. వెనక చాలామంది మాటలు వినిపిస్తున్నాయి.

"అమ్మా, పిట్టకు పెట్టినవా?"

"లే. నువ్వు తిన్నవా?"

"ఎట్ల తింట? పిట్ట ముట్టలే గద." మళ్ళీ తనే, "రాస్తున్నప్పుడు విధి అన్న మాట వచ్చినప్పుడల్లా నాకు నీ గొంతే ఇనబడుతున్నదమ్మా, నక్కీ అని," అంది. నవ్వుతోందో లేదో ఫోన్‌లో తెలియలేదు.

ఎండ కొద్దిగా వాలింది. రెండు కాకులు వచ్చి మా పిట్టగోడ మీద వాలాయి. ఒకటి మెడ వంచి ఇంట్లోకి చూసింది.

"అగో, వచ్చినయ్," అంది వదిన చేతి పని ఆపి. "మళ్ళ వస్తయో రావో. ఇప్పుడన్న ఎయ్యవే."

అవి ఎగిరిపోతే ఏం చేయాలో నాకు తెలియదు. తృప్తి వచ్చేసరికి పొద్దు ఉంటుందో లేదో అదీ తెలియదు. వంటలన్నీ మూతల కింద చల్లారిపోతున్నాయి. లేచాను. ఆకు ఆనించిన గోడ దగ్గరికి వెళ్ళాను. ఆకు మీద తడి ఆరిపోయింది. తృప్తి వచ్చేదాకా వాడిపోకుండా చెంబులో నీళ్ళు తెచ్చి దాని మీద కాసిని చల్లి, ఎక్కడ ఉన్నదాన్ని అక్కడే వదిలి వచ్చి వదిన పక్కన కూర్చున్నాను.